ఛాసీ మీద అంకె

నా చిన్నప్పుడు మా వీధి మొత్తానికి ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కుని చదవగలిగినది నేనొక్కదాన్నే. అదేమీ పెద్ద చదువు కాదు. కర్ణాటకలో మిట్టేమరి దగ్గర మా పల్లె కన్నడ బడిలో ఏడో తరగతి. అయినా మందు సీసా మీద ఏముందో తెలియాలన్నా, పంపుసెట్టు మోటారుకు అంటించిన రేకు చదవాలన్నా నన్నే కేకేసేవారు. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం, రేకుల మీద ఇంగ్లీషు. ఈ మూడింటి మధ్య తిరుగుతూ నాకు చాలా తెలుసని అనుకునేదాన్ని. చదవడం వేరు, చదివింది నలుగురిలో పైకి చెప్పడం వేరని మా మామ నేర్పించేదాకా నాకు తెలియదు.

మా మామ అంటే మా అమ్మకు పెద్దన్న. మా ఇంటికి రెండిళ్ళ అవతల ఉండేవాడు. ఇరవై ఏళ్ళకు పైబడి చింతామణిలో ఒక మండీ సావుకారు దగ్గర లారీ తోలాడు. వేరుశనగ, చింతపండు మద్రాసుకు చేర్చడం, తిరుగు దారిలో దొరికిన సరుకు వేసుకుని రావడం ఆయన పని. మాటకారి కాదు. దూరం చూపు మాత్రం గద్దచూపు. కనుచూపు మేరలో ఏదో చుక్కలా కనిపించే లారీని చూసి అది ఏ మండీదో చెప్పేవాడు. నలభై దాటాక దగ్గరి చూపు మందగించింది. ఆ సంగతి మా అత్తకూ నాకూ తప్ప మరొకరికి తెలియనివ్వలేదు. డ్రైవరుకు చూపు ఆనడం లేదన్న మాట ఒకసారి పుడితే అది ఆయన కంటే ముందు ఊళ్ళు తిరిగి వస్తుంది.

ఆ ఏడు సావుకారు లారీకి బ్రేకులు సరిగా పట్టడం లేదు. మామ రెండు నెలలుగా చెబుతూనే ఉన్నాడు. ఈ ట్రిప్పు కానియ్యి, వచ్చినాక చూద్దాం అని సావుకారు ప్రతిసారీ అనేవాడు. చివరికి ఒక రోజు నిండా చింతపండు వేసుకుని పోతూ, కొండదారి ఘాటు దిగబోయే ముందు మట్టంగా ఉన్న చోటు చూసి మామ లారీని పక్కకు తీసి ఆపేశాడు. చక్రాలకు రాళ్ళు పెట్టాడు. అక్కడ టీ హోటలు నడిపే ఆయనకు లారీని చూస్తూ ఉండమని ఒప్పజెప్పి, బస్సెక్కి చింతామణికి వచ్చి, తాళంచెవి సావుకారు బల్ల మీద పెట్టాడు. బ్రేకులు చేయించండి, నేనే పోయి దింపుతాను అన్నాడు. సావుకారు బ్రేకులు చేయించలేదు. ఇంకో డ్రైవరును పంపాడు.

ఆ లారీ క్షేమంగా దిగింది. మా మామకు అదే శాపమైంది. బోల్తా పడి ఉంటే ఆయన మాట నిలిచేది. పడలేదు కాబట్టి పిరికివాడన్న పేరు నిలిచింది. సావుకారు ఆ పేరును మండీ అంతటా పంచాడు. ఈ చుట్టుపక్కల నీ చేతికి స్టీరింగు ఎవరిస్తారో చూస్తానని మామ ముఖాన్నే అన్నాడు. నిజంగానే ఎవరూ ఇవ్వలేదు. చింతామణిలో అడిగాడు, బాగేపల్లిలో అడిగాడు. కొందరు చూద్దామన్నారు, కొందరు ఆ మాట కూడా అనలేదు. ఇరవై ఏళ్ళు స్టీరింగు పట్టిన మనిషి ఊళ్ళో వాళ్ళ చేలల్లో వేరుశనగ చెట్లు పీకడానికి కూలికి పోయాడు.

సావుకారు దగ్గరికి పోయి ఒక్క మాట తప్పయిందని చెప్పి రా అన్నా అని మా అమ్మ బతిమాలింది. తప్పయిందని చెప్పడానికి నేను చేసిన తప్పేమిటో నువ్వు చెప్పు, పోతాను అన్నాడు. కొన్నాళ్ళకు ఆయన తన వంతుకు వచ్చిన మెట్ట పొలం అమ్మేశాడు. పాత లారీ కొంటానని తెలిసి ఊరంతా బుద్ధి చెప్పడానికి వచ్చింది. డ్రైవరు డ్రైవరుగా ఉంటేనే మర్యాద అన్నారు. పాత లారీ మేపలేని ఏనుగు అన్నారు. అందరూ చెప్పి అయినాక మామ ఒక్క మాట అన్నాడు.

"ఎవురూ స్టీరింగు ఇయ్యకపోతే నాదే తెచ్చుకుంటా. అంతే కదా."

పొలం పోయింది. కొనగలిగేది ఒక్కసారే. ఆ ఒక్కటీ చెడ్డదైతే పొలమూ లేదు, లారీ లేదు. ఇది నాకు అప్పట్లో పూర్తిగా అర్థం కాలేదు. మా అత్త నిద్ర పట్టక తెల్లవారకముందే లేచి వాకిలి ఊడ్చేది. అది మాత్రం గుర్తుంది.

లారీ కాగితాలన్నీ ఇంగ్లీషులో ఉంటాయి. చదవడానికి మామకు మనిషి కావాలి, అదీ ఆయన చూపు సంగతి బయట పెట్టని మనిషి. బడిలో మేష్ట్రుకు చెప్పి నన్ను వెంట తీసుకుపోయాడు. అమ్మ చిత్రాన్నం మూట కట్టింది. పొద్దున మొదటి బస్సుకు బాగేపల్లి, అక్కడి నుంచి చింతామణి.

ఊరి చివర పాత లారీలు అమ్మే ఖాళీ స్థలం ఒకటి ఉండేది. దాన్ని నడిపే బ్రోకరు లావుగా, నవ్వుముఖంతో ఉన్నాడు. మామ పేరు చెప్పగానే ఆయన ముఖంలో ఏదో మెదిలి మాయమైంది. అది నేను చూశాను గానీ దాని అర్థం తెలియలేదు. ఆయన నేరుగా ఒక పచ్చ లారీ దగ్గరికి తీసుకుపోయాడు. ఎంత ముద్దుగా ఉందో ఆ లారీ. కొత్త రంగు, పక్క చెక్కల మీద గులాబీ పూలు, ముందర నిమ్మకాయ, మిరపకాయల దండ. మా ఊరి వాళ్ళందరి ఎదుట దీంట్లో కూర్చుని వీధిలోకి వస్తున్నట్టు నేను అప్పుడే ఊహించుకున్నాను.

మామ రంగు వైపు చూడలేదు. ముందర నిలబడి బానెట్టు మీద అరచెయ్యి ఆనించాడు. వెచ్చగా ఉందన్నాడు. ఇప్పుడే అక్కడి నుంచి ఇక్కడికి జరిపామని బ్రోకరు చెప్పాడు. పాత ఇంజను సంగతి చల్లగా ఉన్నప్పుడు మొదలుపెడితేనే బయటపడుతుందని, అమ్మేవాళ్ళు అందుకే ముందుగా వేడి చేసి పెడతారని మామ నాకు బస్సులోనే చెప్పాడు. అది చల్లబడేదాకా కూర్చుంటామని బ్రోకరుకు చెప్పి, పక్క లారీ నీడలో తుండుగుడ్డ పరిచాడు. చిత్రాన్నం తిన్నాం. పొద్దు నడినెత్తికి వచ్చింది. బ్రోకరు రెండుమూడు సార్లు వచ్చి చూసి పోయాడు. ఒకసారి వచ్చినప్పుడు నా చేతిలో బిస్కెట్ పొట్లం పెట్టి, ఏ తరగతి అని అడిగి, ఇంగ్లీషు చదువుతానంటే మెచ్చుకున్నాడు. అంత పెద్దమనిషి నన్ను మెచ్చుకోవడం అదే మొదటిసారి. పొట్లం మొత్తం తినేశాను.

చల్లబడ్డాక ఇంజను మొదలుపెట్టారు. కాస్త పొగ వచ్చి తేరుకుంది. మామ నూనె చూశాడు, చక్రాలు చూశాడు, నన్ను పక్కన కూర్చోబెట్టుకుని ఖాళీ రోడ్డు మీద తోలాడు. ఎంత వేగంగా పోతుందో చూడండని వెనక కూర్చున్న బ్రోకరు మనిషి అంటుంటే మామ వేగం సంగతి వదిలేసి, పోనిచ్చి ఆపడం, పోనిచ్చి ఆపడం చేశాడు. అందరూ పోయేది చూసి కొంటారు, ఆగేది చూసి కొనాలని నాతో మెల్లగా అన్నాడు. బ్రేకులు బాగున్నాయి. నాలుగు నెలల తర్వాత స్టీరింగు పట్టిన మామ ముఖం ఆ రోజు విచ్చుకోవడం నేను దగ్గర నుంచి చూశాను. ఆయనకు ఆ లారీ నచ్చింది. నాకైతే ఎప్పుడో నచ్చింది.

ఇక కాగితాలు. ఆర్‌సీ పుస్తకంలో ఇంజను నంబరు, ఛాసీ నంబరు రాసి ఉంటాయి. ఛాసీ అంటే లారీ మొత్తాన్ని మోసే పొడవాటి ఇనుప దూలం. దాని మీద నంబరును అచ్చుతో కొట్టి ఉంటారు. పుస్తకంలోదీ ఇనుము మీదిదీ ఒకటే అయితేనే ఆ పుస్తకం ఆ లారీది. ఇంజను నంబరు సరిపోయింది. ఛాసీ నంబరు ముందు చక్రం వెనక లోపలికి ఉంది. మామ అందులోకి చెయ్యి పెట్టి, కిరసనాయిలు గుడ్డతో కొత్త రంగు తుడిచి, నన్ను పిలిచాడు. నేను పుస్తకం పట్టుకుని లారీ కిందికి దూరాను. బ్రోకరు, ఇద్దరు మెకానిక్కులు చుట్టూ వంగి చూస్తున్నారు.

ఒక్కొక్కటే చదువుకుంటూ పోయాను. అక్షరాలు సరిపోయాయి. అంకెలు కూడా సరిపోతూ వచ్చాయి. చివరి నుంచి రెండోది పుస్తకంలో ఎనిమిది. ఇనుము మీద మూడు.

మామా, ఇక్కడ ఒకటి, అన్నాను.

"అది ఎనిమిదే పాపా," అన్నాడు బ్రోకరు. "తుప్పుకి ఒక పక్క అరిగిపోయిండాది. ఇంగ్లీషు చదివే పాపకి ఎనిమిది తెలీదా?"

మెకానిక్కులు నవ్వారు. నేను మళ్ళీ చూశాను. మూడే. కానీ ఎడమ పక్క అరిగితే ఎనిమిది మూడులాగా కనిపించొచ్చు కదా అనిపించింది. నోట్లో ఇంకా బిస్కెట్ తీపి ఉంది. అంతలా మెచ్చుకున్న మనిషిని కాదనడానికి నాకు నోరు రాలేదు. అదీ గాక, మూడు అని చెబితే పచ్చ లారీ మాది కాదు.

ఎనిమిదే మామా, అన్నాను.

అప్పుడు మామ నేల మీద పడుకున్నాడు. ఆ రోజు కోసమని అత్త ఉతికి మడత పెట్టిన తెల్ల చొక్కా ఆయన ఒంటి మీద ఉంది. మట్టిలో, నూనె మరకల్లో వెల్లకిలా జరుగుతూ నా పక్కకు వచ్చాడు. నన్ను కోప్పడలేదు. నా చూపుడు వేలు పట్టుకుని ఆ ఇనుము మీద పెట్టాడు.

"కండ్లు మూసుకో. కంటిని ఎవురైనా మోసం చేస్తారు. నీ వేలికి ఏమి తగుల్తాండాదో అది చెప్పు."

కళ్ళు మూసుకుని తడిమాను. ముందున్న అంకెలు ఒక్కొక్కటీ గోరు దిగేంత లోతుగా ఉన్నాయి. ఆ అంకెకు కుడి పక్క రెండు వంపులూ అంతే లోతు. ఎడమ పక్క ఏమీ లేదు, నున్నటి ఇనుము. తర్వాతి అంకె మళ్ళీ లోతుగానే ఉంది.

"మూడు," అన్నాను. నా గొంతు నాకే వినపడలేదు.

"అందరికీ వినపడేట్ట చెప్పు పాపా."

"మూడు మామా. ఎనిమిది కాదు."

ఆ మాట పైకి వచ్చాక నాకు ఏడుపు వచ్చింది. మామ నన్ను బయటికి తీసి, తను లేచి, వీపు కూడా దులుపుకోకుండా బ్రోకరు ఎదుట నిలబడ్డాడు. పక్కనున్న అంకెలన్నీ దిట్టంగా ఉండి, ఆ ఒక్కదానికే, అదీ ఒక్క పక్కనే తుప్పు ఎట్లా పట్టిందని అడిగాడు. పుస్తకం ఒక బండిది, ఇనుము ఇంకొక బండిది. రేపు ఏ చెక్‌పోస్టులోనైనా పట్టుకుంటే బండి పోతుంది, తోలినవాడు జైల్లో కూర్చుంటాడు. బ్రోకరు నవ్వుముఖం అప్పటికి పోయింది. ఆర్టీఓ ఆఫీసులో తనకు మనుషులున్నారని, అంతా తాను చూసుకుంటానని అన్నాడు. చిన్నపిల్ల మాట పట్టుకుని బంగారంలాంటి బేరం పోగొట్టుకుంటావా అన్నాడు. మామ కదలకపోయేసరికి అసలు మాట బయటికి వచ్చింది.

"సావుకారు చెప్పింది నిజమేనప్పా. నువ్వు పిరికోడివే. ఈ లారీ వద్దంటే చింతామణిలో నీకు ఇంకోటి ఎవురూ అమ్మరు, తెలుసుకో."

మామ తల ఊపాడు.

"నిజమే. దిగకూడని చోట నిలిచిపోయే పిరికోన్నే నేను. ఆడా నిలిచినా, ఈడా నిలుస్తాండా."

తర్వాత ఆయన చేసిన పని నేను ఎవరికి చెప్పినా చిన్నదే అంటారు. చొక్కా జేబులోంచి చిల్లర తీసి, బిస్కెట్ పొట్లం వెల ఎంతో అంత లెక్కపెట్టి బ్రోకరు కుర్చీ మీద పెట్టాడు. మా పాప తిన్నదానికి, అన్నాడు. మేము రోడ్డెక్కాం. మామ చొక్కా వీపంతా నల్లటి నూనె. బస్టాండు దాకా జనం చూస్తూనే ఉన్నారు. ఆయన తలెత్తుకుని నడిచాడు.

బస్సులో నేను ఉండబట్టలేక ఒప్పుకున్నాను. మొదటిసారే మూడని తెలిసిందని, తెలిసే ఎనిమిది అన్నానని చెప్పాను. నాకు తెలుసన్నాడు. కిరసనాయిలు గుడ్డతో తుడిచేటప్పుడే ఆయన వేలికి ఆ అంకె మూడుగా తగిలిందట. వేలికి తోచింది నిజమో కాదో చదువుకున్న కంటితో తేల్చుకుందామని నన్ను పిలిచాడట. అయితే నేను ఎనిమిది అన్నప్పుడే లేచి వచ్చేయొచ్చు కదా, మళ్ళీ ఎందుకు అడిగావన్నాను. ఆయన కిటికీలోంచి బయటికి చూస్తూ చెప్పాడు.

"లారీ యాడన్నా దొరుకుతాది. ఆ మాటను నీ నోట్లోనే పెట్టి ఇంటికి తీసుకపోతే, అది నీకు అలవాటైపోతాది."

ఇంటికి వస్తే ఊరు నవ్వింది. పొద్దున లారీతో వస్తానని పోయినవాడు చొక్కా పాడుచేసుకుని బస్సులో వచ్చాడని నెలరోజులు చెప్పుకున్నారు. మా అమ్మ కూడా నా వైపు అదోలా చూసింది. మామ మళ్ళీ కూలికి పోయాడు. ఎవరి ముందూ చెయ్యి చాపలేదు, చింతామణికి రాజీకి పోలేదు.

వానలు మొదలయ్యాక కబురు వచ్చింది. ఘాటు దగ్గర టీ హోటలు ఆయన, చక్రాలకు రాళ్ళు పెట్టి లోడు లారీని వదిలిపోయిన మనిషి కథను వచ్చేపోయే డ్రైవర్లందరికీ చెప్పాడట. అది చిక్కబళ్ళాపురంలో ఒక ముసలాయన దాకా పోయింది. ఆయన తన లారీ తానే తోలుకునేవాడు. మోకాళ్ళు పట్టేయడంతో అమ్మాలనుకున్నాడు. బ్రోకరు లేకుండా నేరుగా మామకు కబురు పెట్టాడు. మామ ఈసారీ నన్నే తీసుకుపోయాడు. నాకు భయమేసింది. అయినా నన్నే తీసుకుపోయాడు.

ఆ లారీ చూడగానే నా ప్రాణం ఉసూరుమంది. రంగు ఎక్కడా లేదు. ఒక తలుపు తీగతో కట్టి ఉంది. మడ్‌గార్డు సగం లేదు. ముసలాయన మేము అడగకుండానే దాని తప్పులన్నీ చెప్పాడు. రెండో గేరు జారుతుంది, చేత్తో అదిమి పట్టుకోవాలి. వానొస్తే కుడి పక్క కారుతుంది. వెనక స్ప్రింగు కట్ట ఒకటి మార్చాలి. రాత్రికి మమ్మల్ని అక్కడే ఉంచుకుని, తెల్లవారి చల్లటి ఇంజను మా ఎదుటే మొదలుపెట్టాడు. ఎత్తు మీద మామ దాన్ని ఆపి చూశాడు. మేకు కొట్టినట్టు నిలిచింది. తర్వాత నేను కిందికి దూరి, ఎవరూ చెప్పకుండానే కళ్ళు మూసుకుని తడిమి, ఒక్కొక్క అంకె వీధి వినేటట్టు చదివాను. అన్నీ సరిపోయాయి. ముసలాయన నవ్వి, ఇంత గట్టిగా ఎందుకమ్మా, నాకు చెముడు లేదన్నాడు.

ఆ లారీని చూసి ఊరు ఇంకా గట్టిగా నవ్వింది. పాత ఇనుము కింద గుజిరీకి పోయేదాన్ని తెచ్చుకున్నాడన్నారు. మామకు రోషం వచ్చి రెండేళ్ళు దానికి రంగు వేయించలేదు. బ్రేకులకు మాత్రం నెలనెలా చేతులు నల్లగా చేసుకునేవాడు. చింతామణి మండీలో సావుకారు ఆయనకు చివరిదాకా ఒక్క లోడు ఇవ్వలేదు, మిగతావాళ్ళను ఇవ్వనివ్వలేదు. మామ పల్లెల్లో తిరిగాడు. మిట్టేమరి చుట్టూ చిన్న రైతులు తలా పది మూటలు కలిపితే ఒక లోడయ్యేది. అది వేసుకుని పోయేవాడు. కొన్ని నెలలు లారీ ఇంటి ముందే నిలిచి, దాని కింద కోళ్ళు పండుకునేవి. సుఖపడ్డాడని చెప్పను. పదకొండేళ్ళు తోలాడు. ఎవరినీ గుద్దలేదు, ఎవరి ముందూ చేతులు కట్టుకుని నిలబడలేదు. ఆ పచ్చ లారీని చివరికి ఎవరు కొన్నారో, వాళ్ళకేమైందో మాకు ఎన్నడూ తెలియలేదు.

నేను చదువు ముగించి మేష్ట్రమ్మనయ్యాను. ముప్ఫై ఏళ్ళు పిల్లలకు చెప్పాను. తప్పు చెప్పిన పిల్లను ఎన్నడూ వెంటనే కూర్చోమనలేదు. కొందరు తెలియక తప్పు చెబుతారు, కొందరు పక్కవాళ్ళ ముఖం చూసి చెబుతారు. ఆ రెండోవాళ్ళను నేను గుర్తుపడతాను. దగ్గరికి పోయి, ఇంకొకసారి నువ్వే చూసి చెప్పమ్మా అని అడిగేదాన్ని. ఆ మాట నాది కాదని వాళ్ళకు తెలియదు.

పదవీ విరమణకు నాలుగేళ్ళ ముందు మా బడికి కొత్త గది కట్టారు. మొదటి వానకే పైకప్పు కారి పిల్లల పుస్తకాలు తడిశాయి. పని బాగా జరిగిందని కాంట్రాక్టరు మనుషులు కాగితం రాసుకుని వచ్చి, హెడ్ మిస్ట్రెస్‌గా నన్ను సంతకం పెట్టమన్నారు. ఇది లాంఛనమే మేడం, అందరూ పెట్టేశారు, మీ ఒక్కరిదే మిగిలింది అన్నారు. గది కారుతోందని అదే కాగితం కింద కన్నడంలో రాసి, సంతకం పెట్టకుండా వెనక్కి ఇచ్చాను. నెల తిరక్కుండానే పైఅధికారులు నన్ను నాగరగెరె అవతల ఒక పల్లెకు బదిలీ చేశారు. ఆ వయసులో ఎందుకమ్మా ఈ మొండితనమని ఇంట్లోవాళ్ళు, తోటి మేష్ట్రులు కూడా అన్నారు. మిగిలిన నాలుగేళ్ళూ రోజుకు రెండు బస్సులు మారి పోయాను, రెండు బస్సులు మారి వచ్చాను. మోకాళ్ళు అప్పుడే పాడయ్యాయి. ఆ కాగితం ఇంకా ఏదో ఫైల్లో ఉండే ఉంటుంది. దాని మీద నా సంతకం ఇప్పుడు అడిగినా పెట్టను.